ఆపరేషన్ అయిపోయిన ఇంట్లో నిరోధ్ మాట ఎత్తడం ఎలా?

ఆదోని టీచరు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఆదోని దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మా చిన్నాన్న కూతురి విషయమై సలహా కోరుతూ ఇది రాస్తున్నాను. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆమెకు ఇరవై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు అయిన వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించారు. భర్త బెంగళూరులో బేల్దారి పనికి పోతాడు. పదిహేను రోజులకో నెలకో ఒక శనివారం రాత్రి ఇంటికి వస్తాడు. వచ్చేటప్పటికే తాగి ఉంటాడు, లేకపోతే బ్యాగు గడపలో పడేసి బెల్టు షాపుకు పోయి వస్తాడు. చెయ్యి చేసుకోవడం పెళ్లైన రెండో ఏటి నుంచే మొదలైంది. మొన్న పుట్టింటికి వచ్చినప్పుడు తెల్లబట్ట ఎక్కువగా అవుతోందనీ, పొత్తికడుపులో నొప్పిగా ఉంటోందనీ నాతో చెప్పింది. నేను ముందూ వెనకా చూడకుండా, ‘ఆయన అక్కడ ఎట్లా ఉంటాడో ఏమో, నిరోధ్ వాడమని చెప్పరాదా’ అన్నాను. ఆమె చేటలోని వేరుశనగకాయలు ఒలుస్తూనే, తల ఎత్తకుండా, ‘ఆపరేషన్ అయినదానికి నిరోధ్ ఎందుకే, ఎవని కోసం పెట్టుకున్నావు అంటాడక్కా’ అంది.

ఆ తర్వాత అడిగితే తెలిసింది, ఒకసారి ప్రయత్నించి చూసిందట. ఆశా కార్యకర్త దగ్గర తీసుకున్నవి బియ్యం డబ్బా వెనక దాచుకుంటే, అతడు చూసి, ఐదు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయని లెక్కపెట్టి, మిగతా రెండూ ఎవరితో వాడావో చెప్పమని నడుము బెల్టుతో కొట్టాడు. నిజానికి ఆ రెండూ ఆమె తోడికోడలికి ఇచ్చింది.

ఆమె ఇంటర్ చదివిన మనిషి. ఎయిడ్స్ ఎలా వస్తుందో, ఎలా రాకుండా చూసుకోవాలో నాకంటే బాగా చెప్పగలదు. అన్నీ తెలిసి కూడా ఎందుకు గట్టిగా పట్టుబట్టదు? తాగుడే దీనికంతటికీ కారణమైతే, అది మాన్పిస్తే సరిపోతుందా? అక్కగా నేను ఆమెకు ఏమి చెప్పాలి?

ఎమ్మిగనూరు పెద్దాయన

అమ్మా, ఇది నాలుగు గోడల మధ్య విషయం కాబట్టి పోలీసుల దాకా పోనివ్వకండి. మీ చిన్నాన్నను, అతని మేనమామను, ఊరి పెద్దమనుషులను ఇద్దరిని కూర్చోబెట్టి, భార్యాభర్తలిద్దరినీ ఎదురుగా పెట్టి అడిగితే కుర్రవాడు దారికి వస్తాడు. ఇక తాగుడు సంగతి అంటారా, అన్నంలోనో సాంబారులోనో తెలియకుండా కలిపే పొడి దొరుకుతుంది, మా బంధువుల అబ్బాయికి నెలరోజుల్లో మందు వాసన చూస్తేనే వాంతి వచ్చేటట్టు చేసింది. నిరోధ్ గురించి మాత్రం ఆడపిల్ల తానుగా మాట్లాడటం మన ఇళ్లల్లో ఎబ్బెట్టుగానే ఉంటుంది, నిజం చెబుతున్నాను.

అనంతపురం నుంచి ఒక మాజీ కౌన్సెలర్

టీచరు గారూ, పెద్దాయన మంచి మనసుతో చెప్పారు కానీ ఆయన చెప్పిన రెండు పనులూ చేయకండి. ఎందుకో కిందికి వచ్చాక రాస్తాను.

నేను అనంతపురం జిల్లాలో పదకొండేళ్లు ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ పరీక్ష ఉచితంగా చేసి సలహా చెప్పే కేంద్రంలో పనిచేశాను. ‘అన్నీ తెలిసి కూడా ఎందుకు పట్టుబట్టదు’ అని మీరు అడిగిన ప్రశ్నే ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్నూ వేధించేది. బల్ల మీద ఒక కొయ్య నమూనా ఉండేది. దానికి కండోమ్ తొడిగి చూపించి, ‘అర్థమైందా అమ్మా’ అని అడిగి పంపేదాన్ని. వాళ్లు అర్థమైందనే చెప్పేవారు, నిజంగా అర్థమయ్యేది కూడా. అర్థం కానిది నాకే. ఆ బల్ల ముందు ఉన్నంత ధైర్యం రాత్రి పదకొండు గంటలకు, తాగి తలుపు తట్టిన మనిషి ముందు ఉండదనీ, అసలు నిర్ణయం ఆ రాత్రి జరగదనీ, ఎప్పుడో తిన్న దెబ్బల్లోనే జరిగిపోయి ఉంటుందనీ నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. మీ చెల్లెలు అజాగ్రత్తగా లేదు, లెక్క వేసుకుంటోంది. అడిగితే ఈ రాత్రి దెబ్బలు ఖాయం. అడగకపోతే జబ్బు రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా బయటపడేది ఎన్నాళ్లకో. పిల్లలు పక్కనే నిద్రపోతున్న ఇంట్లో ఏ తల్లి అయినా ఖాయంగా వచ్చే దెబ్బనే ముందు తప్పించుకుంటుంది.

ఇది మన సీమ ఆడవాళ్లకే ఉన్న బలహీనత అనుకోవద్దు. అమెరికాలో నల్లజాతి యువతులను అడిగి 1997లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కూడా, కొట్టే మగవాడితో కాపురం చేస్తున్నవాళ్లలో కండోమ్ వాడకం తక్కువగానూ, ఆ మాట ఎత్తితే ఏమవుతుందో అన్న భయం ఎక్కువగానూ కనిపించాయి. కొన్ని ప్రాంతాలలో భర్త చేతిలో హింసకు గురైన స్త్రీలకు హెచ్ఐవీ సోకే అవకాశం మిగతావారికంటే ఒకటిన్నర రెట్లు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నివేదికలో రాసింది.

అయితే మన దగ్గర దీనికి ఇంకొక ముడి పడింది, మీ చెల్లెలు వేరుశనగకాయలు ఒలుస్తూ దాన్నే చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లై 49 ఏళ్ల లోపు ఉన్న స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయిపోయింది, కుటుంబ నియంత్రణకు కండోమ్ వాడుతున్నామని చెప్పినవారు ఒక శాతం కూడా లేరు. ఆపరేషన్ కాకముందు ‘ఇప్పుడే ఇంకొకరు వద్దు’ అనే సాకు ఒకటి ఆడమనిషి చేతిలో ఉంటుంది, దాని చాటున ఆమె తన ఒంటిని కూడా కాపాడుకోగలదు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకే ఆపరేషన్ అయిపోతే ఆ సాకు పోతుంది. ఆ తర్వాత నిరోధ్ అడగడానికి ఆ ఇంట్లో రెండే అర్థాలు మిగులుతాయి, నువ్వు తిరుగుతున్నావనో, నేను తిరుగుతున్నాననో. ఆపరేషన్ చేసి పంపే రోజున ఈ మాట చెప్పినవాళ్లను నేను ఎక్కడా చూడలేదు, అప్పట్లో నేనూ చెప్పలేదు.

తాగుడు గురించి అడిగారు. భర్త తరచుగా తాగి వచ్చే ఇళ్లల్లో దాదాపు 70 శాతం మంది స్త్రీలు అతని చేతిలో హింసకు గురయ్యారనీ, అసలు తాగని భర్తలున్న ఇళ్లల్లో అది నాలుగోవంతు కంటే తక్కువేననీ దేశం మొత్తం మీద ఆ సర్వేలే చెబుతున్నాయి కాబట్టి, సంబంధం లేదని ఎవరూ అనలేరు. మద్యం చూపును దగ్గరి వస్తువుకే కట్టేస్తుంది. అప్పటి కోరిక, అప్పటి కోపం తప్ప రేపటి సంగతి కనిపించదు. తాగినవాడు నిరోధ్ తొడిగితే అది జారడమో చిరగడమో కూడా ఎక్కువే. కానీ తాగని భర్తల ఇళ్లల్లోనూ నాలుగైదుగురిలో ఒకరు దెబ్బలు తింటున్నారన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది. మీ మరిది బెంగళూరులో తాగి మేస్త్రీని కొట్టాడేమో కనుక్కోండి, తాగుడే కారణమైతే అక్కడా చెయ్యి లేవాలి కదా. తాగుడు మాన్పించవచ్చు, మాన్పించాలి కూడా, కానీ అది మానేదాకా ఆమె ఆగాలనీ, మానితే అన్నీ సర్దుకుంటాయనీ ఆశ పెట్టకండి.

పొడి విషయం. అలా కలిపే వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చు. తెలియకుండా అది తిన్న మనిషి మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అన్నంలో ఏదో కలిపిందని తెలిసిన రోజున ఆమె పరిస్థితి ఏమిటో ఆలోచించండి. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానినా ఫిట్స్ రావచ్చు కాబట్టి ఆ వైద్యం డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూస్తారు. 14446 అనే ఉచిత నంబరుకు కుటుంబ సభ్యులు కూడా ఫోన్ చేయవచ్చు. ఇక పంచాయితీ అంటే, పదిమందిలో పరువు పోయిందని ఇంటికి వచ్చినవాడు ఆ కసి ఎవరి మీద తీర్చుకుంటాడో నేను మరుసటి వారం చూసిన మనుషులే సాక్ష్యం. కౌన్సెలింగ్ అయినా సరే, ముందు ఆమెతో విడిగా మాట్లాడాలి.

ఇప్పుడు చేయవలసింది. తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి రెండూ కలిసి ఉన్నాయంటే ఆలస్యం చేయకూడదు, గర్భసంచికీ ట్యూబులకూ ఇన్‌ఫెక్షన్ పాకి ఉండవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలోని సుఖవ్యాధుల క్లినిక్‌లో పరీక్ష, మందులు ఉచితం. ఇటువంటి వాటికి భర్త కూడా మందు వాడకపోతే మళ్లీ తిరిగి వస్తుంది, అందుకే వాళ్లు ‘ఆయనను తీసుకురా’ అంటారు. ఆ మాట రాకముందే, ఇంట్లో కొడతాడని ఆమె చెప్పేయాలి. అప్పుడు అతనికి ఎలా తెలియజేయాలన్నది వాళ్లు ఆమెతో ఆలోచించి చేస్తారు. హెచ్ఐవీ పరీక్ష కూడా చేయించండి. కడుపుతో ఉన్నప్పుడు చేసినదాంట్లో ఏమీ లేదు కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు, అది ఆ రోజు వరకే నిజం. ఇప్పుడు ఏమీ లేదని వచ్చినా, ఇటీవల సోకినది మూడు నెలల దాకా బయటపడకపోవచ్చు కాబట్టి మళ్లీ ఒకసారి చేయించాలి. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం ఆమె సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదు. సందేహాలకు 1097 ఉంది.

నిరోధ్ మాట ఎత్తాలనుకుంటే అతడు తాగని పగటి పూట, డాక్టరు నోట పెట్టి ఎత్తమనండి. ‘లోపల పుండుగా ఉంది, మందులు అయ్యేదాకా దగ్గరికి రావద్దని, తర్వాత కూడా తొడుగు వాడమని డాక్టరమ్మ చెప్పింది’ అంటే అందులో ఎవరి మీదా అనుమానం ఉండదు. కొన్ని ఇళ్లల్లో ఇది పనిచేసింది, కొన్నింటిలో చేయలేదు. దెబ్బలు పడతాయని ఆమెకు అనిపిస్తే ఆ రాత్రి అడగవద్దు. ఆ ఇంటి గాలి మీకూ నాకూ కంటే ఆమెకే తెలుసు. బలవంతం జరిగి, హెచ్ఐవీ సోకి ఉంటుందన్న భయం గట్టిగా ఉంటే 72 గంటల లోపు, ఎంత త్వరగా వెళితే అంత మంచిది, ప్రభుత్వ ఆసుపత్రికి వెళితే 28 రోజులు వాడే మందులు ఉన్నాయి. భర్త అనుమతితో పని లేకుండా రోజూ వేసుకునే ప్రెప్ అనే మాత్ర గురించి కూడా డాక్టరును అడగవచ్చు, కానీ అది హెచ్ఐవీని తప్ప మిగతా సుఖవ్యాధులను ఆపదు. అతని చేతిలో లేకుండా అన్నింటినీ ఆపే సాధనం ఏదైనా ఉంటే బాగుండేది. స్త్రీలు వాడే కండోమ్ ఒకటి ఉంది కానీ అది కంటికి కనిపిస్తుంది, మీ చెల్లెలి ఇంట్లో అది కూడా లెక్కలోకే వస్తుంది.

కడప అక్క

నేను ఇంతవరకు ఎక్కడా చెప్పని విషయం ఇక్కడ రాస్తున్నాను. మా ఆయన కువైట్‌లో ఉండేవాడు, రెండేళ్లకొకసారి రెండు నెలలు వచ్చేవాడు. కొట్టడంతో మొదలు కాలేదు, తాగించడంతో మొదలైంది. స్టీలు గ్లాసులో కూల్‌డ్రింకు పోసి అందులో కలిపేవాడు, స్టీలు గ్లాసు కాబట్టి రంగు తెలిసేది కాదు. తర్వాత చెప్పే కలిపేవాడు, వద్దంటే ‘నీకు నా మీద ప్రేమ లేదు’ అనేవాడు, ఇంకా వద్దంటే జుట్టు పట్టుకునేవాడు. కొన్నాళ్లకు నేనే అడిగి తాగాను, ఎందుకంటే తాగితే ఆ గంట తెలియకుండా గడిచిపోయేది. ఆయన ఏం వాడాడో, వాడలేదో పొద్దున లేచాక గుర్తు ఉండేది కాదు. ఇక్కడ అందరూ మగవాడి తాగుడు గురించే రాస్తున్నారు. కొట్టే ఇంట్లో ఆడది తాగితే అది సరదా కోసం అని ఎవరూ అనుకోవద్దు.

నాకు ఆపరేషన్ కాలేదు కాబట్టి మర్నాడు మందుల షాపులో 72 గంటల మాత్ర తెచ్చుకుని మింగి, ఇంక భయం లేదనుకునేదాన్ని. అది గర్భాన్ని ఆపుతుంది గాని జబ్బును ఆపదని నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన తిరిగి వెళ్లిన కొన్ని నెలలకు రక్తపరీక్షలో సిఫిలిస్ బయటపడింది. పెన్సిలిన్ ఇంజెక్షన్లతో నయమైంది, హెచ్ఐవీ లేదు, అది నా అదృష్టం. కానీ ఆ ఆసుపత్రిలో చీటీ రాసే ఆవిడ వరుసలో ఉన్న నలభై మందికి వినబడేటట్టు ‘మీ ఆయనకు ఉందా, నీకే ఉందా’ అని అడిగింది. నేను ఆ రోజు మందు తీసుకోకుండా బస్‌స్టాండుకు వచ్చేసి, ఏడు రోజుల తర్వాత వేరే చోటికి వెళ్లాను. టీచరమ్మా, మీరు ఆమెతో పాటు వెళ్లండి. లోపలికి అవసరం లేదు, వరుసలో పక్కన నిలబడితే చాలు.

గుంతకల్లు

నేను మగవాడిని. గూడ్స్ షెడ్డు దగ్గర హమాలీ పని చేశాను. తాగేవాడిని, భార్యను కొట్టేవాడిని, ఇప్పుడు ఆ రెండూ లేవు. ‘తాగి ఒళ్లు తెలియక కొట్టాడు’ అని మా అమ్మ నన్ను వెనకేసుకొచ్చేది. కానీ నేను ముఖం మీద ఎన్నడూ కొట్టలేదు, రవిక కప్పే చోటనే కొట్టేవాడిని. ఒళ్లు తెలియనివాడికి అంత తెలివి ఉండదు.

మా నాన్న కూడా అంతే. 1993లో మన కర్నూలు జిల్లా నాయకుడు కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సారా ఆపేశారు, 1995 జనవరిలో ఎన్టీ రామారావు మద్యం మొత్తం నిషేధించారు, 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ రెండేళ్లూ మా నాన్న బళ్లారి దాకా పోయి తాగి వచ్చేవాడు. డబ్బులు లేక పోలేని రోజున తాగకుండానే అమ్మను కొట్టేవాడు. నిషేధం వల్ల మేలు జరగలేదని నేను అనడం లేదు, మా వీధిలో చాలా ఇళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. మా ఇల్లు లేదు.

నిరోధ్ సంగతి. నా భార్య ఒకే ఒకసారి అడిగింది. నేను ‘నన్నే అనుమానిస్తావా’ అని అరిచాను. నిజం ఏమిటంటే, ఆమె అనుమానించినందుకు కాదు, నేను చేసిన పని ఆమెకు తెలిసిపోయిందేమోనని భయం వేసింది. ఆ భయాన్నే ఆమె మీద చూపించాను. ఎవడి కోసం పెట్టుకున్నావు అని అడిగే మగవాడిని చూస్తే నాకు ఇప్పటికీ నేనే గుర్తొస్తాను.

కర్నూలు అడ్వకేటు

చట్టం సంగతి కొద్దిగా. పద్దెనిమిదేళ్లు దాటిన భార్య విషయంలో భర్త బలాత్కారాన్ని అత్యాచారం నేరంగా భారతీయ న్యాయ సంహిత ఇప్పటికీ చూడదు, 63వ సెక్షనులో మినహాయింపు ఉంది. దీన్ని చూసి ఏ దారీ లేదని చాలామంది ఆగిపోతారు. కానీ 2005 గృహహింస చట్టం లైంగిక హింసను కూడా గృహహింసగానే పేర్కొంది. ఆ చట్టం కింద కొట్టకుండా రక్షణ ఉత్తర్వు, ఉన్న ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు అడగవచ్చు. ఆ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు. నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి గానీ, జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ద్వారా రక్షణాధికారి దగ్గరికి గానీ వెళ్లవచ్చు. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే వన్‌స్టాప్ సెంటరుతో కలుపుతారు, అక్కడ పిల్లలతో సహా కొద్ది రోజులు తలదాచుకోవచ్చు. ఆమె ఫోను అతడు చూస్తాడనుకుంటే ఆ ఫోన్ మీ ఫోనులోంచి చేయించండి.

ఆదోని టీచరు

అందరికీ కృతజ్ఞతలు, కడప అక్కకూ గుంతకల్లు అన్నకూ మరీ ముఖ్యంగా. నేను నిన్న ఆమెతో మాట్లాడాను. ఈసారి నిరోధ్ గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. ‘నువ్వు అడగకపోవడం తప్పు కాదు’ అని మాత్రం అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత తానే, ‘నొప్పికి చూపించుకుంటానక్కా, కానీ ఆసుపత్రికి ఎందుకు పోయినావని అత్త అడుగుతుంది’ అంది. చిన్నపాపకు బూస్టరు సూది వేయించాల్సి ఉంది. బుధవారం టీకాలు వేస్తారు కాబట్టి ఆ పేరుతో ఏరియా ఆసుపత్రికి తీసుకువెళ్లాలని అనుకున్నాం. నేను ఆ రోజుకు సెలవు పెట్టాను. కౌన్సెలర్ గారూ, ఆసుపత్రిలో ఇచ్చిన మందులూ చీటీ ఇంటికి తీసుకువెళితే అతని కంట పడతాయేమోనని ఆమె భయపడుతోంది, ఏం చేయమంటారు?

అనంతపురం నుంచి ఒక మాజీ కౌన్సెలర్

ముందు ఆమె మాట అక్కడి కౌన్సెలరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. హెచ్ఐవీ పరీక్ష ఫలితం కాగితం ఇంటికి తీసుకువెళ్లవలసిన అవసరం లేదు, మీ దగ్గరే ఉంచుకోవచ్చు. మందులు మాత్రం పూర్తిగా వాడాలి, రెండు రోజులకు తగ్గిందని మానకూడదు. అతడు ఈ శనివారం వస్తాడా, వచ్చే శనివారమా అన్నది కనుక్కుని, వీలైతే ఆ రోజులు పుట్టింట్లోనే ఉండి వేసుకోమనండి. పాపకు సూది వేశాక జ్వరం వస్తుంది, రెండు రోజులు అమ్మ దగ్గర ఉంటానంటే అత్తగారు కాదనకపోవచ్చు. బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకే వెళ్లండి, పదకొండు దాటితే వరుస పెరుగుతుంది.